వానకు ముందు పేజీలు

ఎనుమాముల యార్డుల మార్చి నెలంతా
ఎవరు ఏడ్చినా ఎవరూ అడగరు.
ఘాటు అంటరు, తువ్వాల అందిస్తరు.
గందుకే ఇక్కడ తెరిచిన,
ముప్పై ఏడేండ్లు తెరవని పుస్తకాన్ని.

అడ్తి దుకాణంల లెక్కలు రాసేదాన్ని నేను.
తేజ ఎన్ని బస్తాలు, వండర్ హాట్ ఎన్ని,
తరుగెంత, హమాలీ ఎంత.
నా పద్దుల కన్నీళ్ళకు గడి లేదు.

హనుమకొండ హాస్టల్ల
నా మంచానికి ఎదురు మంచం ఉపేంద్రది.
లైట్లు తీసేసినంక టార్చి వెలుగుల
ముక్కు ఎగబీల్చుకుంట చదివేది ఈ నవలనే.
ఒక్క పుస్తకం, ఇరవై రెండుమంది ఆడపిల్లలు,
వంతులు రాసిన చీటీ తలుపు ఎనుక.
నా వంతు వచ్చినప్పుడల్లా పక్క పిల్లకు దాటేసిన.

"బంగళాల కూసొని దిగులుపడేటోళ్ళ కథ నాకెందుకే?
వాళ్ళు తాగిన చాయ్ కప్పులు ఎవరు కడిగిన్రో
ఆ పేజీ ఉంటే చెప్పు, చదువుత" అన్న.
మా నాయిన మిల్లుల నూలుదుమ్ము మింగినోడు.
రాత్రి షిఫ్టు దగ్గే మా ఇంటి గడియారం.
గర్వం ఒక్కటే నాకున్న మంచి చీర,
పండుగ లేకున్నా రోజూ కట్టిన.

ఆఖరు పరీక్షనాడు మాటామాటా పెరిగింది.
దేని మీదనో యాదికి లేదు,
బకెట్ మీదనో, బాకీ మీదనో.
గోదావరిఖని బస్సెక్కి కూసున్నది ఉపేంద్ర,
బస్సు కదిలినంక కిటికీలకెల్లి
పుస్తకం నా మీదికి ఇసిరేసి
"చదువు" అన్నది. అంతే.

చదవలే.
పాత పేపర్లోనికి అమ్మలే కూడా.
మూడు కిరాయి ఇండ్లు మారింది నాతోని,
కుంటి మంచం కోడు కింద రెండేండ్లు బరువు మోసింది.
అట్ట మీద ఆ గుంట ఇంకా ఉంది, రూపాయి బిళ్ళంత.

ఈ రాత్రి యార్డు నిండిపోయింది. వేలం పొద్దుగాల.
నర్సంపేట నుంచి, ములుగు నుంచి వచ్చిన రైతులు
బస్తాల మీదనే నడుం వాల్చిన్రు,
ఒక కన్ను మొయిలు మీద పెట్టి.
ఒక్క జల్లు చాలు, ఏడాదంత నల్లబడతది.
నేను దుకాణం అరుగు మీద, బల్బు కింద.

మొదటి యాభై పేజీలు కొట్లాడిన.
ఇంతింత పొడుగు మాటలు ఎవరు మాట్లాడుతరు,
అన్నం తినే పనిలేదా వీళ్ళకు అని.
అరవై రెండో పేజీల ఆయన
ఆమె రాసిన ఉత్తరాన్ని విప్పకుండనే సొరుగుల పెట్టిండు.
"విప్పురా" అన్న, పైకే.
పక్క బస్తా మీది ముసలాయన లేచి కూసున్నడు:
"ఏమైందమ్మా?"
"ఏం లేదు తాతా, ఒకాయన ఉత్తరం విప్పుతలేడు."
"విప్పుతడు తీ" అని మళ్ళ పండుకున్నడు.

అక్కడ, పేజీ అంచున, పెన్సిలు.
ఉపేంద్ర అక్షరాలు, గాలికి వాలిన నారులెక్క:
*ఇది మా సులోచననే.*

నాయిక కాదు. ఎదురుచూసే పిల్ల కాదు.
సొరుగు మూసినోడు.

అద్దాలు తీసి తుడుచుకున్న.
ఘాటు.

చాయ్ కప్పుల సంగతి మాత్రం నేను విడువలే.
నూట పదో పేజీల ఒక పనిపిల్ల వచ్చి పోయింది,
రెండు వాక్యాలు, పేరు కూడా లేదు.
అక్కడ ఉపేంద్ర ఏం గీయలే.
నేను గీసిన, పద్దుల ఎర్ర పెన్నుతోని.

పదకొండున్నరకు ఫోన్ చేసిన.
ఎవరిదో పెండ్లిల ఎవరో రాసిచ్చిన నంబరు,
పలికితదో లేదో అనుకుంట.
ఎత్తింది. నేను పేరు చెప్పలే.
"నూట నలభై మూడు" అన్న.
అటు దిక్కు చానసేపు ఫ్యాను చప్పుడు.

"వానొచ్చిందా ఇంకా?" అని అడిగింది.

పేజీ దిక్కు చూసిన. మొయిలు దిక్కు చూసిన.
నిద్రల గూడ ముసలాయన పిడికిట్ల
టార్పాలిన్ అంచు అట్లనే ఉంది.

"రాలే" అన్న.

"వస్తది. ఫోను పెట్టెయ్, చదువు."